బిళ్ళ ప్రభుత్వానిది, జీతం కంపెనీది: లోగన్ షెరీఫు డాన్ చాఫిన్



మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసాల్లో ఇంతవరకూ మంచి ఉపాధ్యాయుల గురించే మాట్లాడారు. న్యాయమే. నేను ఈ సాయంత్రం చెప్పబోయే మనిషి కూడా బడిపంతులుగా పనిచేసినవాడే, బొగ్గు కొండల్లో పుట్టి పెరిగినవాడే. కాకపోతే అతని పేరు మీద ఎక్కడా స్మారకోపన్యాసం జరుగుతుందనుకోను. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, లోగన్ కౌంటీ షెరీఫు డాన్ చాఫిన్ అతను. గని కార్మికుల పిల్లలకు నాలుగక్షరాలు నేర్పడమే బతుకుగా పెట్టుకున్న మనిషిని తలుచుకునే సభలో, ఆ నాలుగక్షరాలనే ఇంకో దారిన వాడుకున్నవాడి కథ చెప్పడం అపచారమని మాస్టారైతే అనుకోరు. ముందు వాదనకు దిగి, ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని వినేవారు.

మన ఎల్లందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. సింగరేణి కాలరీస్ అన్న పేరు కంపెనీకి 1920 డిసెంబరులో వచ్చింది. ఆ డిసెంబరు నాటికి చాఫిన్ రెండోసారి షెరీఫుగా ఎన్నికై, కొత్త సంవత్సరంలో పదవి చేపట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. మరో ఎనిమిది నెలలకు అతను తన జిల్లా సరిహద్దు కొండ మీద కందకాలు తవ్వించి, మెషిన్‌గన్లు పెట్టించి, అద్దె విమానాల నుంచి గని కార్మికుల మీద బాంబులు వేయించాడు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత ఆ దేశంలో జరిగిన అతి పెద్ద సాయుధ తిరుగుబాటును ఎదుర్కొన్నది ఈ మాజీ బడిపంతులే.

షెరీఫంటే మనకు రెండు బొమ్మలు గుర్తుకొస్తాయి. ఒకటి పాత ఇంగ్లీషు సినిమాలో గుర్రం మీద నక్షత్రం బిళ్ళ పెట్టుకున్నవాడు. రెండోది బొంబాయి, కలకత్తా షెరీఫు. అది శాలువా కప్పి ఇచ్చే గౌరవ పదవి. లోగన్ షెరీఫు ఈ రెండూ కాదు. ఇక్కడి పెద్దలకు ఒక్క మాటలో చెప్పాలంటే, నిజాం కాలంలో శాంతిభద్రతలు చూసే పోలీసు పటేలునూ, శిస్తు వసూలు చేసే మాలీ పటేలునూ కలిపి ఒకే మనిషిని చేసి, ఆ మనిషిని నాలుగేళ్ళకోసారి ఓట్లతో ఎన్నుకుంటే ఎలా ఉంటుందో అలాంటి ఉద్యోగం. వెస్ట్ వర్జీనియాలో షెరీఫే కౌంటీ ఖజానాదారు కూడా. పన్నులు అతనికే కడతారు, జైలు అతనిదే, వారెంట్లు అతనివే. డిప్యూటీలను నియమించేదీ అతనే. వరసగా రెండోసారి మాత్రం ఆ కుర్చీలో కూర్చోకూడదని అప్పట్లో రాష్ట్ర రాజ్యాంగం నిషేధించింది. అధికారం ఒక్క చేతిలో పాతుకుపోకూడదని పెద్దలు పెట్టిన కట్టడి అది. ఈ కట్టడిని చాఫిన్ ఎలా దాటాడో కొంచెం ఆగి చెబుతాను. అతని తెలివంతా అక్కడే ఉంది.

డాన్ చాఫిన్ 1887 జూన్ 26న కెర్మిట్ దగ్గర పుట్టాడు. పెద్ద కుటుంబం. ఆ కొండల్లో పేరున్న వంశం. హాట్‌ఫీల్డులు, మెకాయ్‌లు తరం పాటు చంపుకున్న పగ గురించి మీలో కొందరు వినే ఉంటారు. ఆ హాట్‌ఫీల్డుల పెద్ద డెవిల్ ఆన్స్ భార్య లెవైసీ పుట్టింటి పేరు చాఫిన్. అంటే లోగన్‌లో ఎవరి పేరు ఎత్తినా డాన్‌కు ఏదో ఒక వరస కలుస్తుంది. తండ్రి కూడా అంతకుముందు షెరీఫు చేసినవాడే. కుర్రవాడు ఊరి బళ్ళలో చదివి, మార్షల్ కాలేజీలో కొంతకాలం, వ్యాపార లెక్కలు నేర్పే మరో కాలేజీలో కొంతకాలం చదివాడు. తిరిగొచ్చి పంతులుగా చేరాడు.

అతను పాఠం ఎలా చెప్పాడో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ రోజుల్లో అక్కడి కొండ బళ్ళు చాలావరకు ఒకే గది, ఒకే పంతులు. చిన్నా పెద్దా పిల్లలంతా ఒకే పొయ్యి చుట్టూ కూర్చునేవారు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్న పంతొమ్మిది ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు ఒకటి రెండేళ్ళు చెప్పి, ఆ మర్యాదనే మెట్టుగా వేసుకుని కోర్టు గుమాస్తాగానో, దుకాణదారుగానో, రాజకీయ నాయకుడిగానో మారడం మామూలు. మన దగ్గరా సర్కారు బడి నుంచి రాజకీయాల్లోకి వెళ్ళినవాళ్ళకు లోటు లేదు, పేర్లెందుకు. బడిలో పనిచేసినవాడికి ఇంటింటి సంగతీ తెలుస్తుంది. ఏ ఇంట్లో ఎవరు చదవగలరు, ఎవరు వేలిముద్ర వేస్తారు, ఎవరికి ఉత్తరం చదివిపెట్టాలి, ఎవరి తగాదా ఎవరితో, అన్నీ.

ఇలాంటి మనిషి ఆ కొండల్లోకి రైలొచ్చిన కాలంలో పెద్దవాడయ్యాడు. 1904లో చెసపీక్ అండ్ ఒహాయో రైలు గయాండాట్ నది వెంట లోగన్ పట్నం దాకా వచ్చింది. అంతకుముందు ఆ లోయలో కలప దుంగలను నీళ్ళలో వదిలి కిందికి పంపడమే పెద్ద వ్యాపారం. రైలు రాగానే బొగ్గు గనులు ఒకటి తర్వాత ఒకటి తెరుచుకున్నాయి. మొక్కజొన్న పండించుకుంటూ ఎవరి కొండ వాళ్ళు ఏలుకున్న కుటుంబాలు పదేళ్ళలో కంపెనీ క్వార్టర్లలో అద్దెకు చేరాయి. దక్షిణాది నుంచి నల్లజాతి కూలీలు, ఇటలీ నుంచి, హంగరీ నుంచి వలస వచ్చినవాళ్ళు తోడయ్యారు. ఇల్లు కంపెనీది, దుకాణం కంపెనీది. డాక్టరూ కంపెనీవాడే. చాలాచోట్ల కూలి కూడా కంపెనీ ముద్రేసిన బిళ్ళల్లోనే. అవి ఆ కంపెనీ దుకాణంలోనే చెల్లుతాయి. పని పోతే ఇల్లు కూడా ఖాళీ చేయాలి.

చాఫిన్ 1908లో, ఇరవై ఒకటో ఏట, కౌంటీ అసెసర్‌గా ఎన్నికయ్యాడు. 1912లో షెరీఫు. వరసగా రెండోసారి కుదరదు కాబట్టి, గడువు తీరగానే కౌంటీ క్లర్కు కుర్చీలోకి మారాడు. 1920లో మళ్ళీ షెరీఫుగా గెలిచాడు. మధ్యలో షెరీఫుగా వేరే మనిషి ఉన్నాడు గానీ, ఎవరి మాట చెల్లేదో లోగన్‌లో చిన్నపిల్లాడినడిగినా చెప్పేవాడు.

ఈ మూడు పదవులూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. అసెసర్ పన్ను కోసం ఆస్తికి విలువ కడతాడు. గని యజమాని భూమి ఎకరా ఎంత అన్నది అతని కలం చివరన ఉంటుంది. క్లర్కు దగ్గర దస్తావేజులు, ఎన్నికల కాగితాలు ఉంటాయి. షెరీఫు ఆ పన్ను వసూలు చేస్తాడు, కట్టనివాడి మీదికి వెళ్తాడు. చాఫిన్ అనగానే పుస్తకాల్లోనూ సినిమాల్లోనూ తుపాకీ పట్టుకున్న మొరటువాడు కనిపిస్తాడు. నాకైతే రిజిస్టరు చదవడం వచ్చిన పంతులు కనిపిస్తాడు. తుపాకులకు ఆ కొండల్లో కరువే లేదు. ఏ కాగితం ఎక్కడుందో, ఏ సంతకం దేనికి పనికొస్తుందో తెలిసినవాళ్ళే తక్కువ.

ఇప్పుడు డబ్బు సంగతి. పక్క కౌంటీల్లో గని యజమానులు యూనియన్‌ను దూరంగా ఉంచడానికి బాల్డ్విన్-ఫెల్ట్స్ అనే డిటెక్టివ్ సంస్థ నుంచి కాపలాదార్లను కిరాయికి తెచ్చుకునేవారు. ఆ పేరు చెబితేనే కార్మికులకు ఒళ్ళు మండేది. లోగన్ యజమానులకు ఆ అవసరం రాలేదు. వాళ్ళ సంఘం డబ్బు చెల్లించింది, చాఫిన్ ఆ డబ్బుతో డిప్యూటీలను పెట్టాడు. వాళ్ళు ప్రమాణం చేసినది రాష్ట్రం మీద, ఛాతీ మీద ఉన్నది కౌంటీ బిళ్ళ, అరెస్టు చేసే అధికారం చట్టం ఇచ్చింది, జీతం బొగ్గు కంపెనీలది. ఏటా 32,000 డాలర్లకు పైనే ఇలా ముట్టేదని యజమానుల తరఫువాళ్ళే విచారణల్లో ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమేమిటి, అందులో తప్పేముందన్నట్టే చెప్పారు. కౌంటీకి అంతమందిని పోషించే స్తోమత లేదు, ఊళ్ళో తాగుబోతుల గొడవలున్నాయి, జీతాల రోజున డబ్బు భద్రంగా రావాలి, మేమిచ్చాం, దాని వల్ల అందరికీ మేలే కదా అన్నది వాళ్ళ వాదన. యూనియన్ లేకపోయినా మా దగ్గర కూలి తక్కువేం లేదని కూడా అన్నారు.

డిప్యూటీలు చేసే పని ఏమిటో లోగన్ రైల్వే స్టేషన్లో నిలబడితే తెలిసేది. బండి ఆగుతుంది. కొత్తముఖం ఎవరిదైనా దిగితే ఒక డిప్యూటీ దగ్గరికొస్తాడు. ఎవరు నువ్వు, ఎక్కణ్ణుంచి, ఎవరింటికి, ఏం పని. జవాబు నచ్చితే సరే. నచ్చకపోతే అదే బండి ఎక్కి వెళ్ళిపొమ్మని సలహా. యూనియన్ మనిషని అనుమానమొస్తే సలహాతో ఆగదు, దెబ్బలు పడతాయి. గని కార్మికుల జాతీయ సంఘం, యునైటెడ్ మైన్ వర్కర్స్, ఎన్నోసార్లు ప్రయత్నించి కూడా లోగన్‌లో అడుగు పెట్టలేకపోయింది. జనం భయంతోనే ఊరుకున్నారా అంటే, అంత సులువుగా తేల్చలేం. ఆపదలో ఉన్నవాడికి డాన్ సాయం చేశాడని చెప్పుకునే ఇళ్ళూ అక్కడ చాలానే ఉన్నాయి. అన్ని వరసలూ కలిసిన కొండల్లో పుట్టినవాడు, అందరినీ పేరు పెట్టి పలకరించేవాడు. ఎన్నికల్లో అతను ఓడిపోవడం అరుదు, ఆ ఓట్లు ఎలా లెక్కించారన్నది వేరే కథ.

1919 సెప్టెంబరులో ఒక ఘటన జరిగింది. చార్ల్‌స్టన్ నగరంలో యూనియన్ ఆఫీసు ఉంది. చాఫిన్ స్వయంగా అక్కడికి వెళ్ళాడు. మాటా మాటా పెరిగింది. ఎవరు ముందు ఏమన్నారన్న దాని మీద కథనాలు ఒకదానికొకటి పొసగవు. యూనియన్ ఉపాధ్యక్షుడు విలియం పెట్రీ చిన్న పిస్తోలుతో కాల్చాడు. గుండు ఛాతీలో దిగింది. మనిషి బతికాడు. అటు పగ మాత్రం పెరిగింది.

అసలు నిప్పు పక్కనున్న మింగో కౌంటీలో రాజుకుంది. 1920 మే 19న మేట్వాన్ అనే చిన్న ఊళ్ళో, యూనియన్లో చేరిన కార్మికుల కుటుంబాలను క్వార్టర్ల నుంచి బయటికి నెట్టి, సాయంత్రం బండికి వెళ్ళబోతున్న బాల్డ్విన్-ఫెల్ట్స్ మనుషులను ఊరి పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్ అడ్డుకున్నాడు. కాల్పుల్లో ఏడుగురు డిటెక్టివులు, ఊరి మేయరు, మరో ఇద్దరు, మొత్తం పదిమంది పోయారు. సిడ్ కూడా బిళ్ళ పెట్టుకున్నవాడే, హాట్‌ఫీల్డే. అతను కార్మికుల పక్షాన నిలిచాడు. చాఫిన్‌కు పూర్తిగా ఎదురు మనిషి. 1921 ఆగస్టు 1న వెల్చ్ పట్నంలో కోర్టు మెట్లెక్కుతుండగా సిడ్‌ను, అతని స్నేహితుడు ఎడ్ చేంబర్స్‌ను డిటెక్టివులు భార్యల కళ్ళముందే కాల్చి చంపారు. ఇద్దరి దగ్గరా తుపాకులు లేవు.

ఆ వార్త గనులన్నిటికీ పాకింది. ఆగస్టు మూడో వారానికి చార్ల్‌స్టన్ పక్కన లెన్స్ క్రీక్ దగ్గర వేల మంది పోగయ్యారు. మింగోలో సైనిక పాలన కింద జైల్లో ఉన్న తోటివాళ్ళను విడిపించాలని బయల్దేరారు. గుర్తుగా మెడకు ఎర్రటి రుమాలు కట్టుకున్నారు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, ఇంగ్లీషు సరిగా రాని ఇటలీవాళ్ళు అందరి మెడలోనూ అదే రుమాలు. ఆ కాలపు అమెరికాలో ఇది మామూలు సంగతి కాదు. చాలామంది మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చినవాళ్ళు, అందుకే నడక కూడా సైన్యం నడకలా ఉంది. మింగోకు వెళ్ళే దారి లోగన్ మీదుగానే. దారిలో అడ్డం బ్లెయిర్ కొండ. సాయుధులైన ఏ గుంపూ లోగన్ గడ్డ దాటి వెళ్ళదని చాఫిన్ ప్రకటించాడు.

ఒక దశలో ఇదంతా ఆగిపోయేదే. ఆగస్టు 26న యూనియన్ నాయకుడు ఫ్రాంక్ కీనీ మాడిసన్ పట్నంలో బంతాట మైదానంలో వాళ్ళతో మాట్లాడాడు. కేంద్ర సైన్యంతో పోరాడి గెలవలేమని నచ్చజెప్పాడు. చాలామంది వెనక్కి మళ్ళారు, ఇళ్ళకు తీసుకెళ్ళే రైళ్ళ కోసం కూర్చున్నారు. మర్నాటి రాత్రి రాష్ట్ర పోలీసు కెప్టెన్ బ్రాకస్, చాఫిన్ మనుషులను వెంటబెట్టుకుని వారెంట్లతో షార్పుల్స్ అనే గని పల్లెలో దిగాడు. చీకట్లో కాల్పులు. ఇద్దరు కార్మికులు చనిపోయారు. వారెంట్లు అమలు చేయడానికి పగలు లేదా, మరో వారం లేదా? ఈ ప్రశ్నకు ఎవరిచ్చిన జవాబూ నాకు ఒప్పుకోదగ్గదిగా కనబడలేదు. ఇళ్ళకు పోతున్నవాళ్ళు మళ్ళీ కొండవైపు తిరిగారు. అప్పటికి పదివేల మంది దాకా అయ్యారు.

కొండ మీద చాఫిన్ దగ్గర సుమారు మూడువేల మంది. డిప్యూటీలు, గని కాపలాదార్లు, పక్క కౌంటీల నుంచి వచ్చిన వలంటీర్లు, పట్నంలో దుకాణదార్లు, గుమాస్తాలు, హైస్కూలు కుర్రాళ్ళు. అవును, హైస్కూలు కుర్రాళ్ళే. ఒకప్పుడు ఆ వయసు పిల్లలకు పాఠం చెప్పినవాడు ఇప్పుడు వాళ్ళకు రైఫిళ్ళు పంచాడు.

ఆగస్టు 31 పొద్దున్న జరిగినదాన్ని కాస్త నెమ్మదిగా చెప్పాలి. బ్లెయిర్ పల్లెలో విల్బర్న్ అనే గని కార్మికుడున్నాడు. ఆదివారాలు చర్చిలో బోధకుడు. కొండెక్కి తోటివాళ్ళ పక్కన నిలబడాల్సిందేనని డెబ్భై మంది దాకా వెంటబెట్టుకుని బయల్దేరాడు. అడవిలో ఎదురుగా ముగ్గురు కనిపించారు. అటువాళ్ళా ఇటువాళ్ళా తెలియదు, అందరివీ అవే బట్టలు, అవే తుపాకులు. ఇరుపక్షాలకూ సంకేతపు మాటలున్నాయి. కార్మికులది 'పాకుతూ వస్తున్నా' అన్న అర్థం వచ్చే మాట. చాఫిన్ పక్షానిది 'ఆమెన్'. మాటేమిటని విల్బర్న్ మనుషులు అడిగారు. ఎదుటివాళ్ళలో పెద్ద, డిప్యూటీ జాన్ గోర్, తమ పక్షం వాళ్ళే అనుకుని ఆమెన్ అన్నాడు. జీవితమంతా ఆ మాటతోనే ప్రార్థన ముగించిన బోధకుడి గుంపు ఆ మాట వినగానే తుపాకులెత్తింది. గోర్, అతని ఇద్దరు తోడువాళ్ళు పడిపోయారు. కార్మికుల వైపు ఇలై కెంప్ అనే నల్లజాతి కార్మికుడు గాయపడి చనిపోయాడు. విల్బర్న్‌కు తర్వాత హత్యానేరం కింద శిక్ష పడింది.

అంతకు ముందు రోజే అధ్యక్షుడు హార్డింగ్ సెప్టెంబరు 1 మధ్యాహ్నానికల్లా అందరూ చెదిరిపోవాలని ఉత్తర్వు వేశాడు. ఎవరూ వినలేదు. చాఫిన్ విమానాలు అద్దెకు తెచ్చాడు. పేలుడు మందు, నట్లు, బోల్టులు దట్టించి ఊళ్ళోనే తయారుచేసిన బాంబులు, వాంతులు తెప్పించే వాయువు నింపినవీ కొన్ని. కొండ అవతల ఒక ఇంటి పెరట్లో ఇద్దరు ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కుంటుంటే ఒక బాంబు వాళ్ళ దగ్గరే పడింది. పేలలేదు. అలా పేలకుండా మిగిలినదాన్ని తర్వాత కోర్టులో బల్ల మీద పెట్టి చూపించారు. కేంద్ర సైన్యపు విమానాలు కూడా ఆ రోజుల్లో ఆకాశంలో తిరిగాయి, కానీ అవి గస్తీకే. బాంబులు వేసినవి ఒక ఎన్నికైన కౌంటీ అధికారి కిరాయికి తెచ్చినవి. తన దేశపు పౌరుల మీద, తనకు ఓటేసిన లోయ పక్కనే.

సైన్యం సెప్టెంబరు 2న దిగడం మొదలైంది. కార్మికులు వాళ్ళ మీద తుపాకీ ఎక్కుపెట్టలేదు. మా తగాదా అమెరికా ప్రభుత్వంతో కాదు, లోగన్ షెరీఫుతో అన్నదే వాళ్ళ వైఖరి. తుపాకులు చాలావరకు తొర్రల్లో దాచి, కొన్ని అప్పగించి ఇళ్ళకు పోయారు. ఎంతమంది చనిపోయారన్నది ఈనాటికీ తేలలేదు. పదహారని కొందరు, వంద అని కొందరు. పదిలక్షల తూటాలు పేలాయన్న అంచనా కూడా ఉంది. ఆ అడవిలో తుపాకీ గుళ్ళు, తూటాల తొడుగులు ఇప్పటికీ మట్టిలోంచి బయటపడుతూనే ఉన్నాయి.

తర్వాత కేసులు. ఐదు వందల మందికి పైగా మీద అభియోగాలు, కొందరి మీద ఏకంగా రాజద్రోహం. విచారణను రాష్ట్రం మరో మూలనున్న చార్ల్స్ టౌన్‌కు మార్చారు. బానిసత్వం మీద తిరగబడ్డ జాన్ బ్రౌన్‌కు 1859లో ఉరిశిక్ష వేసిన కోర్టు అదే. 1922లో కార్మికుల సేనాని అనుకున్న బిల్ బ్లిజర్డ్‌ను జ్యూరీ నిర్దోషి అంది. ప్రాసిక్యూషన్ ఖర్చులోనూ వకీళ్ళలోనూ బొగ్గు కంపెనీల చెయ్యి బాహాటంగానే కనిపించింది. డిప్యూటీల జీతంతో మొదలైన అలవాటు రాష్ట్రం పేరున నడిచే కేసు దాకా వచ్చిందన్నమాట.

కోర్టులో ఓడకపోయినా యూనియన్ బయట ఓడింది. దాచుకున్న డబ్బంతా కేసులకే పోయింది. కొన్నేళ్ళలో వెస్ట్ వర్జీనియాలో దాని సభ్యత్వం పదుల వేల నుంచి వందలకు పడిపోయింది. చాఫిన్ గెలిచాడు.

అయితే ఇలాంటివాళ్ళు పడిపోయేది పెద్ద తప్పు దగ్గర కాదు. లోగన్ కౌంటీలో బ్లూ గూస్ అనే సారా దుకాణం ఉండేది. దేశమంతా మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులు. ఆ దుకాణంలో షెరీఫుకు వాటా ఉందని బయటపెట్టినవాడు టెన్నిస్ హాట్‌ఫీల్డ్, డెవిల్ ఆన్స్ కొడుకు, వరసకు బంధువే, ఆ వ్యాపారంలో భాగస్తుడే. 1924లో చాఫిన్ మీద నేరం రుజువైంది. రెండేళ్ళ శిక్ష. అట్లాంటా ఫెడరల్ జైలుకు వెళ్ళి ఏడాది తిరక్కుండానే బయటికొచ్చాడు. వచ్చేసరికి లోగన్ షెరీఫు కుర్చీలో టెన్నిస్ హాట్‌ఫీల్డ్ కూర్చుని ఉన్నాడు. పౌరుల మీద బాంబులు వేయించినందుకు ఒక్క రోజు కూడా బోనెక్కని మనిషి, సారా కేసులో జైలు చూశాడు. నేను దీన్ని దైవన్యాయం అనలేను. వాటాల తగాదా అంతే.

ఆ తర్వాత చాఫిన్ చార్ల్‌స్టన్ చేరి, శాసనసభ దగ్గర బొగ్గు కంపెనీల తరఫున లాబీయింగ్ చేశాడు. అదే డబ్బు, అవే చేతులు. ఈసారి మధ్యలో కౌంటీ ఖజానా లేదు, అంతే తేడా. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కును చట్టంలో రాయగానే, తుపాకులతో ఇరవై ఏళ్ళు ఆపిన యూనియన్ లోగన్‌లోకి కొన్ని వారాల్లో వచ్చేసింది. చాఫిన్ హంటింగ్టన్ నగరానికి మకాం మార్చి, డబ్బుకు లోటు లేకుండా బతికి, 1954 ఆగస్టు 9న కన్నుమూశాడు.

ఇక్కడ బడి సంగతి మళ్ళీ వస్తుంది. అంత పెద్ద యుద్ధం జరిగితే ఆ రాష్ట్రపు పాఠ్యపుస్తకాలు దాన్ని చాలాకాలం దాటేశాయి. బ్లెయిర్ కొండ నీడలో పెరిగిన పిల్లలకు కూడా తాతలు గుసగుసగా చెబితేనే తెలిసేది. కేసులుంటాయన్న భయంతో తాతలూ చెప్పకపోయేవారు. 1930ల చివర్లో కేంద్ర ప్రభుత్వం రచయితలకు పని కల్పించి ఒక్కో రాష్ట్రం మీద ఒక్కో పుస్తకం రాయిస్తే, వెస్ట్ వర్జీనియా గవర్నరు హోమర్ హోల్ట్ అందులో కార్మిక చరిత్ర మీద అభ్యంతరం చెప్పాడు. అతను దిగిపోయాకే, 1941లో ఆ పుస్తకం వెలువడింది. కొండ గతీ అంతే. 2009లో దాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు, ఏడాది తిరక్కుండా తీసేశారు. కింద బొగ్గుంది, కొండ తలనే కోసి తవ్వాలని కంపెనీలకు ఆశ. కోర్టులు తిరిగి తిరిగి 2018లో మళ్ళీ జాబితాలోకెక్కించారు.

ఆ 2018లోనే ఇంకొకటి జరిగింది. ఫిబ్రవరి 2న మింగో, వయోమింగ్, లోగన్ కౌంటీల బడిపంతుళ్ళు ఒక రోజు బడులు మూసి రాజధానికి వెళ్ళారు. జీతాల్లో అప్పుడు వాళ్ళ రాష్ట్రం దేశంలో దాదాపు అట్టడుగున ఉంది, పైగా ఆరోగ్య బీమాకు కట్టే వాటా పెంచుతున్నారు. అదే నెల 22 నుంచి మొత్తం 55 కౌంటీల్లోనూ సమ్మె. వాళ్ళకు సమ్మె హక్కు చట్టంలో లేదు. చాలామంది టీచర్లు మెడకు ఎర్ర రుమాళ్ళు కట్టుకుని చార్ల్‌స్టన్‌లో శాసనసభ వసారాలు నింపేశారు. ఆ రుమాలు ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకు తెలుసు, అడిగిన విలేకరులకు చెప్పారు కూడా. పిల్లలకు బడిలో పెట్టే భోజనం ఆగిపోతుందని ముందే పొట్లాలు కట్టి ఇళ్ళకు చేర్చారు. సంఘం నాయకులు గవర్నరుతో రాజీ కుదుర్చుకుని బడికి వెళ్ళమంటే, నోటిమాట మాకొద్దు, చట్టం చేయమని పంతుళ్ళు మరో వారం బయటే నిలబడ్డారు. అప్పటి గవర్నరు జిమ్ జస్టిస్ ఎవరనుకున్నారు, బొగ్గు గనుల యజమానే. మార్చి 6న అయిదు శాతం జీతం పెంచుతూ సంతకం పెట్టాడు. ఆరోగ్య బీమా సంగతి మాత్రం ఒక కమిటీకి అప్పగించారు.